వాలు మారే చోట సరళరేఖ చాలదని చూపిన బ్రహ్మగుప్తుడు

క్రీ.శ. 665లో, 67 ఏళ్ల వయసులో, బ్రహ్మగుప్తుడు ‘ఖండఖాద్యకం’ అనే పుస్తకం రాశాడు. గ్రహాల స్థానాలు, గ్రహణాల వేళలు త్వరగా లెక్కకట్టడానికి పనికొచ్చే కరణ గ్రంథం అది. అంతకు 37 ఏళ్ల ముందు, 30 ఏళ్ల వయసులో రాసిన తన మొదటి పెద్ద గ్రంథంలో ఆయన ఆర్యభటుడి మీద తీవ్రంగా విరుచుకుపడ్డాడు. ఇతరుల సిద్ధాంతాల్లో తప్పులు ఎంచడానికి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. అలాంటి మనిషి వృద్ధాప్యంలో రాసిన ఈ కొత్త పుస్తకానికి ఆర్యభటుడి లెక్కలనే ఆధారంగా తీసుకున్నాడు.

అంతటితో ఆగలేదు. పుస్తకం ఉత్తర భాగంలో ఒక చిన్న సూత్రం చేర్చాడు. పట్టికలో రెండు విలువలు తెలిసినప్పుడు, వాటి మధ్య ఉన్న విలువను ఎలా కనుక్కోవాలో చెప్పే సూత్రం అది. బ్రహ్మగుప్తుడి పేరు చెబితే మనకు సున్నా గుర్తుకొస్తుంది. ఈ సూత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. కానీ సుమారు వెయ్యేళ్ల తర్వాత ఐరోపాలో న్యూటన్, స్టిర్లింగ్ పేర్ల మీద వచ్చిన సూత్రంలో రెండో మెట్టు వరకూ ఉన్నది సరిగ్గా ఇదే.

భిల్లమాల గణకుడు

బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 598లో పుట్టాడు. తండ్రి పేరు జిష్ణుడు. శకవర్షం 550లో, అంటే క్రీ.శ. 628లో, చాప వంశానికి చెందిన వ్యాఘ్రముఖుడు రాజ్యం చేస్తుండగా తన 30వ ఏట ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’ పూర్తి చేశానని ఆయనే రాసుకున్నాడు. ప్రాచీన భారత గణితజ్ఞుల్లో చాలామందికి లేని స్పష్టమైన తేదీ ఈయనకు ఉండటానికి కారణం అదే. వ్యాఖ్యాతలు ఆయన్ని భిల్లమాలాచార్యుడని పిలిచారు. ఆ భిల్లమాల నేటి రాజస్థాన్‌లో, జాలోర్ జిల్లాలోని భీన్‌మాల్.

‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’ అనే పేరులోనే ఆ గ్రంథం ఉద్దేశం ఉంది. పాత బ్రహ్మ సిద్ధాంతాన్ని సరిదిద్ది, లెక్కలు ఆకాశంతో సరిపోయేలా చేయడమే ఆ పని. ఇందులో ఎక్కువ భాగం ఖగోళమే. మధ్యలో వచ్చే గణిత అధ్యాయాలు మాత్రం ప్రపంచ గణిత చరిత్రలో నిలిచిపోయాయి. ధనాన్ని ఆస్తిగా, రుణాన్ని అప్పుగా చూస్తూ ధన, రుణ సంఖ్యల కూడికలు, తీసివేతలు, గుణకారాలకు నియమాలు చెప్పాడు. సున్నాను ఖాళీ స్థానానికి గుర్తుగా వదిలేయకుండా, దాంతోనూ లెక్కలు చేయవచ్చని సూత్రాలు ఇచ్చాడు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. ఈ మాట నేటి గణితానికి ఒప్పదు. అయినా ఆ ప్రశ్న వేసుకున్న తొలి తరం మనిషి ఆయనే.

ఆయన కలానికి మొహమాటం లేదు. తాను పుట్టడానికి 122 ఏళ్ల ముందు పుట్టిన ఆర్యభటుడు మహాయుగాన్ని నాలుగు సమాన భాగాలు చేయడం స్మృతులకు విరుద్ధమన్నాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందన్న ఆర్యభటుడి మాటనూ కొట్టిపారేశాడు. భూమే తిరుగుతుంటే ఎత్తైనవి ఎందుకు కూలిపోవడం లేదని వాదించాడు. ఆ వాదంలో ఆర్యభటుడిదే సరైన మాటని మనకు ఇప్పుడు తెలుసు. అయితే అదే బ్రహ్మగుప్తుడు, ఆర్యభటుడు మొదలుపెట్టిన మరో పనిని ఆయనకంటే ఒక మెట్టు పైకి తీసుకెళ్లాడు. ఆ పని ఏమిటో తెలియాలంటే ముందు సరళరేఖ దగ్గరికి వెళ్లాలి.

రేఖ మీద బిందువును పట్టుకోవడం

పదో తరగతి లెక్కల పుస్తకంలో సరళరేఖ వాలు అనే పాఠం ఉంటుంది. అడ్డంగా కొంత దూరం జరిగితే నిలువుగా ఎంత పెరిగిందో చెప్పేదే వాలు. రేఖ మీద ఒక్క బిందువు, దాంతోపాటు వాలు తెలిస్తే చాలు, మిగతా బిందువులన్నీ మన చేతికి వస్తాయి.

ఉదాహరణకు రేఖ (2, 3) అనే బిందువు గుండా పోతోంది, వాలు 2/5 అనుకుందాం. అంటే 5 అడుగులు కుడికి వెళ్తే 2 అడుగులు పైకి ఎక్కుతాం. కాబట్టి తర్వాతి బిందువు (7, 5). ఇంకోసారి అలాగే నడిస్తే (12, 7). వెనక్కి నడిస్తే 5 తగ్గించాలి, 2 దిగాలి. అప్పుడు (−3, 1) వస్తుంది. అయిదేసి అడుగులే వేయాలని కూడా లేదు. 2 అడుగులు మాత్రమే కుడికి జరిగితే 2/5లో రెండు రెట్లు, అంటే 0.8 పెరుగుతుంది. అప్పుడు బిందువు (4, 3.8). ఎక్కడ ఆగినా బిందువు దొరకడానికి కారణం ఒక్కటే. సరళరేఖకు వాలు ఎక్కడా మారదు.

మన పూర్వీకులు దీన్ని రేఖాచిత్రంగా గీయలేదు. కానీ లెక్క వాళ్లకు బాగా తెలుసు. దాని పేరు త్రైరాశికం. ఇన్నింటికి ఇంత అయితే, అన్నింటికి ఎంత? అంగట్లో ధర కట్టడం దగ్గర్నుంచి ఆకాశంలో గ్రహం జరిగిన దూరం తేల్చడం వరకూ ఇదే పనిముట్టు. అయితే త్రైరాశికం సరిగ్గా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. పెరుగుదల రేటు మధ్యలో మారకూడదు. ఆకాశం ఈ షరతును పాటించదు.

ఆర్యభటుడి తేడాల పట్టిక

గ్రహం సగటు స్థానం నుంచి నిజ స్థానానికి రావాలంటే జ్యలు కావాలి. నేటి త్రికోణమితిలో సైన్ అని పిలిచేదానికి మూలం ఈ జ్యే. 499 నాటి ‘ఆర్యభటీయం’లో ఆర్యభటుడు 90 డిగ్రీలను 24 సమాన భాగాలు చేశాడు. ఒక్కో భాగం 225 కళలు. డిగ్రీలో 60వ వంతు కళ. విచిత్రం ఏమిటంటే, ఆయన జ్యలను ఇవ్వలేదు. పక్కపక్క జ్యల మధ్య తేడాలను ఇచ్చాడు. మొదటిది 225, తర్వాత 224, 222, 219, 215... ఇలా తగ్గుతూ చివరిది 7.

ఈ తేడాలను కూడుకుంటూ పోతే జ్యలు వస్తాయి. ఒకరకంగా ఆ జాబితా మొత్తం వాలుల జాబితా. ప్రతి 225 కళల నడకకూ ఎంత ఎక్కుతామో అది చెబుతుంది. మొదట్లో నిటారుగా ఉన్న ఎక్కుడు చివరికి దాదాపు చదునైపోతుంది. రెండు మెట్ల మధ్య విలువ కావాలంటే త్రైరాశికం వేస్తారు. అంటే వంపు తిరిగిన గీత మీద, ఆ చిన్న ముక్క వరకు, సరళరేఖ ఉన్నట్టు ఊహించుకుని దాని మీద బిందువును పట్టుకుంటారు. 225 కళలు, అంటే 3 డిగ్రీల 45 కళల చిన్న ముక్క కాబట్టి పెద్దగా తప్పు రాదు.

24 తేడాలు గుర్తుపెట్టుకోవడం, పెద్ద సంఖ్యలతో గుణించడం పంచాంగం కట్టేవారికి భారం. పెళ్లి ముహూర్తానికో, జాతకానికో రోజువారీగా లెక్క కావలసినవారికి ఆర్యభటుడి పద్ధతి కష్టమని, అవే ఫలితాలు తేలికగా వచ్చే దారి చూపుతానని చెబుతూ బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకం మొదలుపెట్టాడు. కలకండతో చేసిన తినుబండారం అని ఆ పేరుకు అర్థం. ఆర్యభటుడికి రెండు పద్ధతులు ఉండేవి. రోజును సూర్యోదయంతో మొదలుపెట్టేది ఒకటి, అర్ధరాత్రితో మొదలుపెట్టేది ఇంకొకటి. రెండోదాన్ని చెప్పిన ఆయన గ్రంథం మనకు మిగల్లేదు. ఆ పద్ధతి గురించి ఈనాడు తెలియడానికి ఉన్న ముఖ్య ఆధారాల్లో ఒకటి ఖండఖాద్యకం. ఆర్యభటుడి గట్టి విమర్శకుడే ఆయన లెక్కలను కాపాడినవాడయ్యాడు.

ఆరు సంఖ్యలు, ఒక చిక్కు

ఖండఖాద్యకంలో జ్యల పట్టికకు ఆరే తేడాలు. 39, 36, 31, 24, 15, 5. వృత్త వ్యాసార్ధం 150గా తీసుకుని, 15 డిగ్రీలకు ఒక మెట్టు వేశాడు. కూడుకుంటూ పోతే 15 డిగ్రీల దగ్గర 39, 30 దగ్గర 75, 45 దగ్గర 106, 60 దగ్గర 130, 75 దగ్గర 145, 90 దగ్గర 150. చిన్నపిల్లవాడు కూడా ఒక పూటలో కంఠస్థం చేయగలడు.

కానీ మెట్లు తగ్గాయి కాబట్టి ఒక్కో మెట్టు పొడుగైంది. పొడుగైన ముక్క మీద వంపు ఎక్కువ. అక్కడ సరళరేఖ ఊహించుకుంటే తప్పూ ఎక్కువే. 50 డిగ్రీల జ్య కావాలనుకుందాం. 45 దగ్గర 106 ఉంది. అక్కడి నుంచి వచ్చే 15 డిగ్రీలకు పెరుగుదల 24. మనకు 5 డిగ్రీలే కావాలి, అంటే మూడో వంతు. 24లో మూడో వంతు 8. మొత్తం 114. నిజమైన విలువ మాత్రం దాదాపు 114.91. తేడా 0.91.

ఇది పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. గ్రహణం లెక్కలోకి తీసుకెళ్లి చూస్తే దాని బరువు తెలుస్తుంది. చంద్రుడి సగటు స్థానానికి చేసే సవరణ గరిష్ఠంగా సుమారు 5 డిగ్రీలు, అంటే 300 కళలు. 150లో 0.91 తప్పితే, అదే నిష్పత్తిలో ఇక్కడ దాదాపు 2 కళలు తప్పుతాం. సూర్యచంద్రుల మధ్య దూరం గంటకు సుమారు 30 కళలు మారుతుంది. కాబట్టి 2 కళల తప్పుకు గ్రహణం వేళ దాదాపు 4 నిమిషాలు తారుమారవుతుంది. ఊరంతా నది ఒడ్డున నిలబడి పట్టు స్నానం కోసం ఎదురుచూసే సమాజంలో గణకుడికి ఇది పరువు సమస్య.

వాలుకే సవరణ

బ్రహ్మగుప్తుడు మెట్లు పెంచలేదు. వాలును సవరించాడు. ఆయన ఆలోచన ఇది. 45 డిగ్రీల బిందువు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే, దాటివచ్చిన ముక్క పెరుగుదల 31. ముందుకు చూస్తే, దాటవలసిన ముక్క పెరుగుదల 24. సరిగ్గా ఆ బిందువు దగ్గర ఎక్కుడు ఈ రెండింటికీ నడుమ ఉండాలి. కాబట్టి రెండింటి సగం తీసుకోవాలి. 31, 24 కలిపి సగం చేస్తే 27.5. ముందుకు నడిచేకొద్దీ ఎక్కుడు తగ్గుతుంది కాబట్టి దీన్ని కొంత తగ్గించాలి. ఎంత? రెండు పెరుగుదలల తేడా 7, అందులో సగం 3.5. మనం నడిచింది ముక్కలో మూడో వంతు. 3.5లో మూడో వంతు దాదాపు 1.17. దీన్ని 27.5 నుంచి తీసేస్తే 26.33. ఇదే సవరించిన పెరుగుదల.

ఇక మామూలు త్రైరాశికమే. 26.33లో మూడో వంతు 8.78. దాన్ని 106కు కలిపితే 114.78. నిజ విలువతో తేడా 0.13 మాత్రమే. మొదటి పద్ధతిలో వచ్చిన తప్పు ఏడో వంతుకు పడిపోయింది. అదనంగా చేసిందల్లా ఒక కూడిక, రెండు తీసివేతలు, రెండు సగాలు, ఒక గుణకారం.

సూత్రం సరైనదేనా అని చూసుకునే దారి కూడా అందులోనే ఉంది. ముక్క మొత్తం నడిస్తే, అంటే 60 డిగ్రీల దాకా వెళ్తే, 27.5 నుంచి 3.5 మొత్తం తీసేయాలి. 24 వస్తుంది. పట్టికలో ఉన్న పెరుగుదల సరిగ్గా అదే. అంటే పట్టిక బిందువుల దగ్గర ఈ పద్ధతి పట్టికను తప్పదు. వాటి మధ్యలో మాత్రం సరళరేఖను వదిలి, గీత వంపును అనుసరిస్తుంది. పెరుగుదలలు తగ్గుతూ పోయే పట్టికకే కాక, పెరుగుతూ పోయే పట్టికకు కూడా సూత్రం సరిపోయేలా, ఎప్పుడు కలపాలో ఎప్పుడు తీసేయాలో కూడా ఆయన చెప్పాడు.

ఈ చిక్కు మనకు దూరమైనదేమీ కాదు. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం ఎంత ఉంటే ఎన్ని టీఎంసీలు ఉన్నట్టో చెప్పే పట్టికలు జలాశయాలకు ఉంటాయి. నీరు పైకి వచ్చేకొద్దీ లోయలో వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి పైన ఒక్క అడుగుకు చేరే నీరు, కింద ఒక్క అడుగుకు చేరే నీటికంటే చాలా ఎక్కువ. దూరదూరంగా ఉన్న రెండు మట్టాల మధ్య సరళరేఖ గీసి లెక్కేస్తే ఉన్నదానికంటే ఎక్కువ నీరు ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. పట్టికను దగ్గర దగ్గరగా తయారుచేయాలి, లేదంటే బ్రహ్మగుప్తుడిలా మారుతున్న వాలును లెక్కలోకి తీసుకోవాలి. మూడో దారి లేదు.

బాగ్దాద్ నుంచి కలకత్తా దాకా

బ్రహ్మగుప్తుడి తర్వాత వందేళ్లు దాటాక, 770ల ప్రాంతంలో, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో భారతీయ ఖగోళ గ్రంథం ఒకటి బాగ్దాద్ చేరింది. అరబ్బీలో ‘సింద్‌హింద్’ అని పేరుపడిన ఆ సంప్రదాయానికి మూలం బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమేనని చరిత్రకారులు భావిస్తారు. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి రాసిన అల్ బిరూనీ, బ్రహ్మగుప్తుడిని ఎంతో గౌరవించాడు. గ్రహణానికి అసలు కారణం నీడ అని తెలిసి, ఆ ప్రకారమే లెక్కలు కట్టి, మరోచోట రాహువు కథకు తలొగ్గాడని తప్పుపట్టాడు కూడా. ఆర్యభటుడిని విమర్శించినవాడు, తన వంతు వచ్చేసరికి విమర్శకు గురయ్యాడు.

మన దేశంలో ఆయన సూత్రం బతికే ఉంది. 1150లో ‘సిద్ధాంతశిరోమణి’ రాసిన రెండో భాస్కరుడు బ్రహ్మగుప్తుడిని గణకచక్రచూడామణి అని కొనియాడాడు. వ్యాసార్ధం 120గా, 10 డిగ్రీలకు ఒక మెట్టుగా తన చిన్న పట్టిక కట్టి, మధ్య విలువలకు ఇదే సవరణ వాడాడు. గ్రహం ఒక రోజులో సగటున ఎంత జరుగుతుందన్నది కాక, ఆ క్షణంలో ఎంత వేగంతో జరుగుతోందన్న ఆలోచనను కూడా భాస్కరుడు పట్టుకున్నాడు. ఒక బిందువు దగ్గర వాలు ఎంత అన్న ప్రశ్నే అది. 14వ శతాబ్దం నుంచి కేరళలో మాధవుడు, ఆయన శిష్య పరంపర ఆ ప్రశ్నను అనంత శ్రేణుల దాకా తీసుకెళ్లారు.

1817లో కోల్‌బ్రుక్ బ్రహ్మగుప్తుడి అంకగణిత, బీజగణిత అధ్యాయాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 1902లో కాశీలో సుధాకర ద్వివేది బ్రాహ్మస్ఫుటసిద్ధాంతాన్ని పరిష్కరించి ప్రచురించాడు. 1934లో ప్రబోధచంద్ర సేన్‌గుప్తా ఖండఖాద్యకం అనువాదాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం వెలువరించింది. సూత్రం ఎంత పాతదో ప్రపంచానికి తెలిసింది ఇలాంటి ఓపికైన పనుల వల్లే.

గొప్పలకూ చిన్నచూపుకూ మధ్య

ప్రాచీన భారత విజ్ఞానం గురించి ఇప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అన్నీ మనవాళ్లే కనిపెట్టేశారన్నది ఒకటి. చెప్పుకోదగ్గదేమీ లేదన్నది ఇంకొకటి. రెండు మాటలకూ బ్రహ్మగుప్తుడి జీవితం అడ్డు తగులుతుంది. ఆయన కలనగణితం కనిపెట్టలేదు. సున్నాను సున్నాతో భాగించడంలో పొరబడ్డాడు. భూభ్రమణం విషయంలో తప్పు పక్షాన నిలబడ్డాడు. అయినా 665లో ఆయన రాసిన ఆ సూత్రాన్ని ఈ రోజు కాగితం, కలం పట్టుకుని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. 114.78 అనే సంఖ్యకు ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

ఆయన 30వ ఏట ఉన్న చోటును, ఆ పట్టుదలను మాత్రమే చూసి సరళరేఖ గీసినవారెవరూ 67వ ఏట ఆయన ఎక్కడ ఉంటాడో ఊహించలేరు. ఆర్యభటుడిని తిట్టిన నోటితో పొగడ్తలు రాలేదు గానీ, ఆ లెక్కలు పనికొస్తాయని తేలాక వాటిని తీసుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. తీసుకున్నవాటిని ఉన్నవున్నట్టు వదిలేయకుండా, ఎక్కడ చాలవో చూసి సరిదిద్దాడు. అందుకే ఆరు చిన్న సంఖ్యల పట్టిక, ఒక చిన్న సవరణ పదమూడు వందల ఏళ్లు దాటినా లెక్క తప్పకుండా నిలిచి ఉన్నాయి.